తిరగేసిన సీసా

కొలంబో విమానాశ్రయంలో నా చేతిసంచీ ఆపేశారు. వారం రోజులు తిరిగి ఇంటికి వస్తున్నాం. వెనకనుంచి మా ఆయన "నేను చెప్పానా?" అన్నారు. నిజానికి ఆయనేమీ చెప్పలేదు. ఎక్కడ ఏది ఆగినా ఆ మాట అనడం ఆయనకు అలవాటు, అంతే. యూనిఫాంలో ఉన్న అమ్మాయి నా జిప్పు కవరు తెరిచి, పేస్టునీ క్రీమునీ పక్కకు నెట్టి, తేనె నింపిన చిన్న సీసా ఒకటి పైకి తీసింది. అడుగున ఉన్న అంకె చదివింది. అరవై మిల్లీలీటర్లు. వంద దాటలేదు కాబట్టి పేచీ లేదు. కానీ సీసా నడుముకు చుట్టిన గోధుమరంగు టేపు మీద నల్లటి మార్కరుతో ఏదో రాసి ఉంది. అదేమిటని అడిగింది.

అక్కడ రాసి ఉన్నది 'మెల్లగా' అని. అర్థం చెప్పాను. ఎవరికి చెబుతున్నారంది. సీసాకే అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, సీసాని నిజంగానే మెల్లగా ట్రేలో పెట్టి పంపించింది.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ అక్షరాలు రాసిన మనిషి పోయి అప్పటికి నాలుగు నెలలు. ఉండి ఉంటే, "చూశావా అమ్మాయ్, తెలుగు రాని పిల్ల చేత కూడా మెల్లగా పెట్టించాం!" అని ఆ రోజంతా దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకునేవారు.

నేను పనిచేసే కాలేజీ ఆఫీసు గవర్నర్‌పేటలో ఉంది. దాని ఎదుటి సందులో, ఒక లాడ్జి మెట్ల కింద, తలుపంత వెడల్పున్న దుకాణం ఆయనది. విదేశాలకు వెళ్ళేవాళ్ళ పచ్చళ్ళూ పొడులూ స్వీట్లూ కారకుండా, పగలకుండా, వాసన బయటికి రాకుండా ప్యాక్ చేసి ఇవ్వడం ఆయన పని. అందరూ పార్సిలు బాబాయ్‌గారు అనేవాళ్ళు. నేనూ అదే అన్నాను. అసలు పేరు ఆయన పోయాక వేసిన కార్డులో చూశాను. అది ఆయనకు అస్సలు అతకలేదు, అందుకే ఇక్కడా రాయడం లేదు.

టేపుని కత్తెరతో కత్తిరించడం ఆయనకు నామోషీ. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటి పెంచేవారు. చుట్టలోంచి టేపు సర్రున లాగి, ఆ గోటితో టక్కున తెంపేవారు. పెట్టె కట్టడం పూర్తయ్యాక దాన్ని నడుమెత్తు వరకూ లేపి, దభీమని నేలమీద వదిలేసేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు కెవ్వుమనేవాళ్ళు. "పడితే నా కళ్ళ ముందే పడాలమ్మా. అక్కడ పడితే నేనుండను కదా?" అనేవారు. పెట్టెలో మెత్తదనానికి థర్మోకోల్ వాడేవారు కాదు, మరమరాలు పోసేవారు. పగలకుండా కాపాడతాయి, అక్కడికెళ్ళాక ఉల్లిపాయ తరుక్కుని తినొచ్చు అనేది ఆయన లెక్క.

సీసాలకు ఇంకో పరీక్ష ఉండేది. నింపి, మూత బిగించి, టేపు చుట్టిన ప్రతి సీసానీ పాత పేపరు మీద తలకిందులుగా నిలబెట్టి ఇంటికి వెళ్ళిపోయేవారు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో సీసా ఎత్తి కింద కాగితం చూసేవారు. నూనె చుక్క కనిపిస్తే ఆ సీసా మళ్ళీ మొదటికొచ్చినట్టే. కాగితం శుభ్రంగా ఉంటే "మరక పడలేదు!" అని సందంతా వినపడేలా కేకేసేవారు. ఎవరితో చెప్పేవారో తెలియదు. ఎదుటి టీ కొట్టులో నలుగురు తలలూపేవాళ్ళు. నేను ఆఫీసు తాళం తీస్తూ రోజూ ఆ కేక వినేదాన్ని.

ఇక ఆ రాతలు. ప్రతి పెట్టె మీదా తెలుగులో రాసేవారు. 'ఇటు పైకి.' 'మెల్లగా.' 'తల్లి చేతి పచ్చడి, విసరొద్దు.' ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"బాబాయ్‌గారూ, అక్కడ సామాను దించేవాళ్ళకి తెలుగేం వచ్చండీ?"

"వాళ్ళకి రాకపోతే ఏంటమ్మాయ్? పెట్టెకొచ్చు."

అలా అనేసి మళ్ళీ టేపు లాగారు.

విమానాల రూల్సు ఆయనకు కొట్టినపిండి. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు టికెట్ ఇచ్చినవాణ్ణి అడగరు, ఈయన్ని అడుగుతారు. పచ్చడి గట్టిగా ఉన్నా వాళ్ళ లెక్కలో ద్రవమే, చేతిసంచీలో వద్దు. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి. ఎండుకొబ్బరి ఎందులోనూ వద్దు, అది మండుద్దంట. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం సీసాల గురించి. చాలామంది సగం ఖాళీ అయిన పెద్ద షాంపూ సీసా పట్టుకొచ్చి, ఇందులో యాభయ్యే ఉంది కదా అని వాదించేవాళ్ళు. ఆయన ఓపిగ్గా దాన్ని తిరగేసి అడుగున అంకె చూపించేవారు. "కడుపులో ఎంతుందో చూడరమ్మా వాళ్ళు. కడుపు ఎంతో చూస్తారు."

ఇన్ని తెలిసిన మనిషి విమానం ఎక్కలేదు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ సామానంతా గాల్లోకి ఎక్కించి, తాను సిటీ బస్సు దిగలేదు. రెండేళ్ళ కిందట మేం కొందరం కలిసి షార్జా, దుబాయ్ అయిదు రోజుల టూరు పెట్టుకున్నాం. గన్నవరం నుంచి నేరుగా విమానం ఉంది కదా అని ధైర్యం. తొమ్మిది ఇళ్ళవాళ్ళం తేలాం. ఆ మాట దుకాణంలో చెబుతుంటే ఆయన టేపు చుట్ట పక్కన పెట్టారు.

"ఇంకో ఇద్దరికి చోటుందా అమ్మాయ్?"

"ఎవరండీ?"

"నేను, మీ పిన్ని."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పిన్నిగారికి చెబితే నమ్మలేదు. "ఈయనా? విమానమా? ముందు విమానాన్ని పేపరు మీద తిరగేసి పెట్టి రమ్మను, ఎక్కుతాను" అంది. ఆవిడ మాటలు అలాగే ఉంటాయి. పెళ్ళిచూపుల్లో కూడా ఈయన నన్ను తిరగేసి చూసే చేసుకున్నాడు అంటుండేది. ఆయన మురిసిపోతూ వినేవారు.

ఆ నెలంతా మా అందరికీ పాఠాలే. ఇంటికి రెండేసి చొప్పున అరవై మిల్లీలీటర్ల ఖాళీ సీసాలు పంచారు. ఒకటి తలనూనెకి, ఒకటి షాంపూకి. అన్నిటికీ టేపు చుట్టి 'మెల్లగా' అని రాసిచ్చారు. మా బృందంలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఉండేవారు. తలమీద పట్టుమని పది వెంట్రుకలు లేవు గానీ నూనె దగ్గర మాత్రం రాజీ లేదు. ఇంత చిన్న సీసా నాకు ఒక పూటకి చాలదని సణిగారు. బాబాయ్‌గారు ఆ తలవైపు ఒకసారి చూసి, మర్యాదగా ఊరుకున్నారు.

బయల్దేరే ముందురోజు గుణదల కొండ దారిలో కొవ్వొత్తులు అమ్మే ఆవిడ దుకాణానికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ కూతురు షార్జాలో ఒక ఇంట్లో ముసలావిడని చూసుకునే పనిలో ఉంది. వెళ్ళి నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా రాలేదు. చేతిలో చిన్న పింగాణీ జాడీ, దాని నిండా చింతకాయ పచ్చడి.

"జాడీ ఎందుకు చెల్లెమ్మా, బరువు. కవర్లో పోసి సీలు చేస్తా" అన్నారు బాబాయ్‌గారు.

"పచ్చడి కోసం కాదు అన్నయ్యగారూ. చిన్నప్పట్నుంచి అది ఈ జాడీలోంచే వేసుకుని తింది. దీన్ని చూసి ఎన్నాళ్ళయ్యిందో. మళ్ళీ జాడీ నాకు తెచ్చిపెట్టండి. ఖాళీదైనా పర్లేదు. అది ముట్టుకున్నది నా ఇంట్లో ఉంటది."

ఆయన లేచారు. తన లుంగీ ఒకటి తెచ్చి, జాడీని పసిపిల్లకి చుట్టినట్టు చుట్టి, మరమరాల మధ్యలో పెట్టారు. ఆ పెట్టెని మాత్రం నేలమీద పడేసి చూడలేదు. ఆయన ఆ పరీక్ష మానడం నేను చూసింది ఆ ఒక్కసారే.

విమానంలో ఆయన్ని చూడాలి! కిటికీ పక్క సీటు పట్టుకుని, కింద సామాను ఎక్కించేవాళ్ళని చూస్తూ ఒకటే హడావుడి. "అదిగో, అది మన పెట్టె! చూడు చూడు, ఎలా విసురుతున్నాడో! పడింది! ఏం కాదు, ఏం కాదు, అంచు మీద పడలేదు." విమానం లేచింది కూడా ఆయన గమనించలేదు. లేచాక పిన్నిగారు కళ్ళు మూసుకుని ఆయన మణికట్టు పట్టుకుంది. కింద కృష్ణ మీద ఎండ మెరుస్తుంటే ఆయన అద్దానికి ముక్కు ఆనించి, "ఓరి నాయనో, మన పెట్టెలు రోజూ ఇదంతా చూస్తన్నాయా!" అన్నారు. ముందు సీట్లవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు.

షార్జాలో మొదటి సాయంత్రమే ఆ అమ్మాయి పనిచేసే ఇంటికి వెళ్ళి గేటు దగ్గర జాడీ ఇచ్చి వచ్చారు. అయిదు నిమిషాలే మాట్లాడనిచ్చారట. జాడీ ఆఖరి రోజు నేనే తెచ్చిస్తానందట. మిగతా రోజులు మేం మేడలు చూశాం, ఆయన అట్టపెట్టెలు చూశారు. పెద్ద పెద్ద దుకాణాల వెనక పడేసిన పెట్టెలని తట్టి, మడిచి, వాసన చూసి, "ఏం అట్ట అమ్మాయ్ ఇది, ఏం అట్ట!" అని పరవశించారు. తిరుగు ప్రయాణం రోజు ఉదయం హోటల్లో మా అందరి సామాన్లూ ఆయనే కట్టారు. సెంట్లు, చాక్లెట్లు, మాస్టారు కొన్న గోడగడియారం, ఏదీ వదల్లేదు. తెచ్చిన నాలుగు టేపు చుట్టలూ ఆ పూటే అయిపోయాయి.

విమానాశ్రయంలో పెట్టెలన్నీ కౌంటర్లో ఇచ్చేశాం. బెల్టు మీద అవి లోపలికి వెళ్ళిపోయాయి. అప్పుడొచ్చింది ఆ అమ్మాయి, పరిగెత్తుకుంటూ. రెండు చేతుల్లో జాడీ.

"మావయ్యగారూ! దొరికారు, అమ్మయ్య! ముసలమ్మ నిద్రపోయాక గానీ వదల్లేదు. పావుగంటలో వెళ్ళిపోవాల."

ఆయన జాడీ అందుకున్నారు. అందుకోగానే ముఖం మారిపోయింది. బరువుగా ఉంది.

"ఏం పోశావమ్మా ఇందులో?"

"ఖర్జూరం పాకం. ముసలమ్మ ఇచ్చింది. ఖాళీ జాడీ ఎట్టా తిప్పి పంపుతానండీ? మా అమ్మ నాకు అట్టాగేనా నేర్పింది?"

మాకందరికీ అర్థమైంది. మన ఇళ్ళలో పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అడుగున గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. ఖాళీగా ఇవ్వం. ఆ పిల్ల పరాయి దేశంలో నాలుగేళ్ళున్నా అది మరిచిపోలేదు. కానీ ఇప్పుడు ఈ జాడీ నిండా ఉన్నది ద్రవం, చేతిసంచీలో పోదు. పెట్టెలు వెళ్ళిపోయాయి. బాబాయ్‌గారు కౌంటరు దగ్గరికి పరిగెత్తి అడిగారు. పింగాణీది విడిగా తీసుకోం, గట్టి పెట్టెలో కట్టి తెండి అంది అక్కడి అమ్మాయి. ఆయన జేబులు తడుముకున్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన దగ్గర పెట్టె లేదు, మరమరాలు లేవు, జానెడు టేపు లేదు. అన్నీ మా గడియారాలకీ సెంట్లకీ పెట్టేశారు. నాకు సిగ్గేసింది.

"పారబోసి జాడీ తీసుకెళ్దాం. వాళ్ళమ్మ ఖాళీదైనా చాలందిగా" అన్నారు మాస్టారు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "వద్దండీ. నాలుగేళ్ళకి ఖాళీ జాడీ పంపిందనుకుంటది మా అమ్మ."

బాబాయ్‌గారు జాడీని అరచేతిలో పెట్టి ఒకసారి పైకీ కిందికీ ఆడించారు. కళ్ళు మూసుకుని లెక్కేశారు. "ఆరొందల ముప్పై ఉంటది. అరవై చొప్పున పదకొండు." కళ్ళు తెరిచి మా వైపు తిరిగారు. "సీసాలు తియ్యండి! నేనిచ్చిన సీసాలు!"

తొమ్మిది ఇళ్ళవాళ్ళమూ సంచులు కుమ్మరించాం. కొన్ని హోటల్లో పోయాయి, కొన్ని పెట్టెల్లో వెళ్ళిపోయాయి, పది దొరికాయి. నేనూ పిన్నిగారూ బాత్రూముకి పరిగెత్తి, మిగిలిన నూనే షాంపూ వంపేసి, వేడినీళ్ళతో కడిగాం, మళ్ళీ కడిగాం. షాంపూ వాసన పోయింది గానీ కొబ్బరినూనె వాసన పట్టు వదల్లేదు. పిన్నిగారు కొత్త చీర కొంగుతోనే లోపలిదాకా తుడిచింది. బయటికి వచ్చేసరికి మాస్టారు పదకొండో సీసా పట్టుకుని నిలబడ్డారు. శుభ్రంగా ఉంది. అడుగున అంకె ఎంతో చూసే తీరిక ఎవరికీ లేదు.

బాబాయ్‌గారు టూరువాళ్ళ నున్నటి రంగుల కాగితాన్ని చుట్టి, కిరాణా కొట్టు పొట్లంలా మెలిపెట్టి గరాటు చేశారు. ఆ అమ్మాయి నేలమీద కూర్చుని సీసా పట్టుకుంది, ఆయన పోశారు. పాకం చిక్కన, దారంలా సన్నగా దిగుతోంది. మేం చుట్టూ నిలబడ్డాం. అటుగా పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మా ఆయన నిమిషానికోసారి టైము చెబుతున్నారు, ఎవరూ అడగకుండానే.

"అయిదు సీసాలయ్యాయి!"

"చెయ్యి కదిలించకమ్మా."

"ఏడు!"

"కారుతంది మావయ్యగారూ, కారుతంది!"

"కారదు. నా చేతిలో కారదు."

పదకొండో సీసా నిండేసరికి ఆ పిల్ల పకపకా నవ్వుతోంది. గేటు దగ్గర అయిదు నిమిషాలూ ఏడుస్తూనే ఉందని ఆయన చెప్పిన పిల్ల ఈమేనా అనిపించింది. వేలికంటిన పాకం నాకి, లేచి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన పట్టుకుని ఆపారు. "ఈ జాడీ మీ అమ్మ చేతిలో ఖాళీగా పెట్టను. పో, టైమయింది" అన్నారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక సెక్యూరిటీ. మాలో పదకొండు మందికి తలా ఒక జిప్పు కవరు, అందులో ఒక సీసా. పదకొండు మంది వరసగా వస్తుంటే, పదకొండు కవర్లలో ఒకే రకం నల్లటి చిక్కటి పదార్థం. యంత్రం ముందు కూర్చున్న ఆఫీసరు మూడోదాని దగ్గరే తలెత్తి చూశాడు. అయిదోదాని దగ్గర బెల్టు ఆపేశాడు. అందర్నీ పక్కన నిలబెట్టాడు. ఇదేంటని మా ఆయన్ని అడిగితే "సిరప్" అన్నారు. నేను "స్వీట్" అన్నాను. ఎవరో "మెడిసిన్" అన్నారు. మాస్టారు అలవాటు కొద్దీ "హెయిర్ ఆయిల్" అన్నారు! ఆఫీసరు చేతులకు తొడుగులు వేసుకున్నాడు.

బాబాయ్‌గారు ముందుకు వచ్చారు. సైగతో అనుమతి అడిగి, తన సీసా మూత తీసి చూపించారు. ఆఫీసరు వాసన చూశాడు. ముఖం విచ్చుకుంది. "దిబ్స్!" అన్నాడు. దాన్ని అక్కడ అలా అంటారట. మరి ఇన్ని సీసాలెందుకని వేళ్ళతో అడిగాడు. బాబాయ్‌గారు ఖాళీ జాడీ పైకెత్తారు. వన్‌టౌన్ బజారులో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలు కూడదీసుకుని, "బేటీ దియా. మా కో దేనా. ఖాళీ నహీ దేనా" అన్నారు. ఆఫీసరు ఆ జాడీ వైపూ మా వైపూ కాసేపు చూశాడు. ఏం అర్థమైందో ఏమో, పదకొండు సీసాలనీ బల్లమీద వరసగా నిలబెట్టి, ఒక్కోటీ తిరగేసి అడుగు చూశాడు. అరవై, అరవై, అరవై. పది సీసాలు అటు జరిపాడు. పదకొండోది చేతిలో ఉంచుకున్నాడు.

అది నూట యాభై. మాస్టారు అరవై సీసా చాలదని రహస్యంగా తెచ్చుకున్న సొంత సీసా.

"సార్, ఇందులో సగం కూడా లేదు సార్! అరవయ్యే ఉంది!" మాస్టారు బల్లమీదికి వంగారు.

బాబాయ్‌గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "కడుపు ఎంతో చూస్తారు మాస్టారూ" అన్నారు నెమ్మదిగా. ఆఫీసరుని బతిమాలలేదు. మాస్టార్ని ఒక్క మాట అనలేదు. సీసాని తానే తీసుకుని, మూత ఇంకోసారి బిగించి, పక్కనున్న డబ్బాలోకి వంగి, పడుకోబెట్టకుండా నిలబెట్టి వచ్చారు. చెత్తలో పడేసేదానికి మూత బిగించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్నది సరదా. ఆ నిమిషం నుంచి గౌరవం.

తిరుగు విమానంలో కిటికీ బయటికి చూడలేదు. ఖాళీ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గన్నవరంలో దిగి, పెట్టెల కోసం బెల్టు దగ్గర నిలబడగానే, "రండి, అందరూ రండి" అని పిలిచారు. పది సీసాలూ ఒకటొకటిగా జాడీ మీద తలకిందులుగా పట్టుకున్నాం. సీసా గోడలకంటిన పాకం దిగదే! మా పెట్టెలు బెల్టు మీద మూడు చుట్లు తిరిగాయి. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి జాడీ అంచుకి రెండు వేళ్ళ వెలితి ఉండిపోయింది. ఆయన ఆ వెలితి చూస్తూ, "నిండుగా ఇచ్చింది పిల్ల" అన్నారు.

గేటు బయట ఆ తల్లి నిలబడి ఉంది. జాడీ ఆవిడ చేతుల్లో పెట్టి తప్పు చేసినవాడిలా తల దించుకున్నారు.

"రెండు వేళ్ళు తగ్గింది చెల్లెమ్మా. దారిలో ఒక సీసా ఆపేశారు. నీ కూతురు నిండా పోసింది. నేనే వెలితి చేశా."

ఆవిడ ఆ మాట వినలేదనుకుంటాను. మూత తీసి, వేలు ముంచి, నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మేమందరం ట్రాలీలు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడిపోయాం.

"అన్నయ్యగారూ, కొబ్బరినూనె వాసనొస్తంది."

నేనూ పిన్నిగారూ మొహాలు చూసుకున్నాం. ఎంత కడిగాం! బాబాయ్‌గారు ఏదో సర్దిచెప్పబోయారు.

"దాని తలకి నేను రాసే నూనె వాసన" అంది ఆవిడ. జాడీని గుండెలకి హత్తుకుని నవ్వింది, ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పడానికి మొహమాటం లేదు. మాస్టారు అటు తిరిగి ముక్కు చీదుకున్నారు. బాబాయ్‌గారు మాత్రం ఒక్కసారిగా వెలిగిపోయి, ఆ జనం మధ్యలో, పొద్దున్నే దుకాణంలో కేకేసినంత గట్టిగా, "అందిందమ్మా! పార్సిలు అందింది!" అన్నారు.

ఆ సీసాలు పదీ ఆవిడే పట్టుకుపోయింది, గోడలకున్నది వృథా కాకూడదని. నాలుగు రోజులకి బాబాయ్‌గారు నా సీసా నాకు తెచ్చి ఇచ్చారు. అందులో కారప్పొడి ఉంది. "ఖాళీగా ఇవ్వనంది ఆ చెల్లెమ్మ" అని మురిసిపోయారు. కారప్పొడి అయిపోయాక సీసా మీకిచ్చేస్తానండీ, మీదే కదా అంటే, "ఉండనీ అమ్మాయ్, మళ్ళీ ఎక్కడికన్నా పోయినప్పుడు పనికొస్తది" అన్నారు. ఆ పిల్ల కిందటేడు సెలవు మీద వచ్చింది. ఆయనే గన్నవరం వెళ్ళి తీసుకొచ్చారు. ఈ ఏడాది మొదట్లో ఒకరోజు దుకాణంలో, టేపు చుట్ట చేతిలో ఉండగానే పోయారు. అప్పటినుంచి షట్టరు వేసే ఉంది. పొద్దున్నే ఆఫీసు తాళం తీసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ కేక కోసం.

ఆయన సీసా ఇంకా నా దగ్గరే ఉంది. అందుకే కొలంబోలో తేనె కొని అందులో నింపాను. ఊరు చేరిన మర్నాడే ఆ సీసా పట్టుకుని పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్‌గారి సీసా అండీ. ఇవ్వాల్సింది ఉండిపోయింది."

ఆవిడ అందుకుని టేపు మీది అక్షరాలు వేలితో తడిమింది. లోపల తేనె చూసింది. "ఖాళీగా తేలేదే" అంది. లేచి, బల్ల మీద పాత పేపరు పరిచి, సీసాని దాని మీద తలకిందులుగా నిలబెట్టింది. మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఆ సీసా వైపే చూస్తూ కాఫీ తాగాం.

మర్నాడు ఉదయం ఆఫీసు తాళం తీస్తుంటే ఫోను మోగింది. పిన్నిగారు. హలో అనకముందే, నేను ఆవిడ దగ్గర ఎన్నడూ విననంత పెద్ద గొంతుతో అంది.

"అమ్మాయ్! మరక పడలేదు!"